కెంపు వెలుగు, చామనఛాయ

మా అమ్మమ్మ కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేది. ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఊళ్లోకొచ్చిన ఎరుకల పెద్దావిడ ఒకామె మూడు సూదులు దారంతో కట్టగట్టి, దీపపు మసిని ఏదో ఆకుపసరులో రంగరించి పొడిచిందట. కూలి సోలెడు బియ్యం, ఒక పాత రవిక. ఆ తేలు కొండి మీద వేలు పెట్టి, కుట్టినట్టు ఉలిక్కిపడటం చిన్నప్పుడు నా ఆట. పెద్దయ్యాక ఒకనాడు అనుమానం వచ్చింది. మసి నల్లగా కదా ఉంటుంది? మరి పచ్చబొట్టు పచ్చగా ఎందుకుంది?

ఆకుపసరు వల్ల అనుకుంటే పొరపాటే. పసరు రంగు ఒంట్లో నిలవదు. డెబ్బై ఏళ్లు అమ్మమ్మ చేతిని అంటిపెట్టుకున్నది మసే, అంటే బొగ్గుపొడే. చర్మం పైపొర మందం మిల్లీమీటరులో పదోవంతు. అది నెలకో నెలన్నరకో రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. సూదులు దాన్ని దాటుకుని కింది పొరలోకి దిగాయి కాబట్టి తేలు అక్కడ కాపురం పెట్టేసింది. మీద పడ్డ వెలుగులో ఎర్ర కిరణాలు లోతుకు చొరబడి, మసి దాకా పోయి, అక్కడే ఇంకిపోతాయి. నీలి కిరణాలు అంత లోతుకు పోలేవు. దారిలోనే చెల్లాచెదరై వెనక్కి మళ్లి మన కంటికి చేరతాయి. అందుకని లోతున ఉన్న నలుపు పైకి నీలంగానూ, గోధుమరంగు చర్మం చాటునుంచి చూస్తే పచ్చగానూ అగుపిస్తుంది. మణికట్టు దగ్గర రక్తనాళాలు ఆకుపచ్చగా కనపడటంలో ఉన్న కిటుకూ ఇదే. లోపల పారే రక్తం ఎరుపే.

ఎర్ర వెలుగు లోతుకు పోతుంది. నీలి వెలుగు పైపైనే ఆగిపోతుంది. నల్లటిది ఏదైనా సరే, వెలుగును మింగి వేడెక్కుతుంది. చర్మం మీద లేజర్ చేసే పనిలో చాలా భాగం ఈ మూడు ముక్కల్లోనే ఉంది, మిగతాదంతా కొలతలు. ఆ కొలతలు తప్పితే ఏమవుతుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను.

మా అక్క కూతురికి పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉంది. గడ్డం కింద, దవడల పక్కన ముదురు వెంట్రుకలు. పదిహేను రోజులకోసారి థ్రెడింగ్, ఆ మంట, ఆ తర్వాత లేచే పొక్కులు. ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్నాక నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, లేజర్ చేయించుకుంటా, తోడు వస్తావా? అమ్మకి చెబితే పసుపు రాసుకోమంటుంది."

"పసుపు వద్దులే గానీ, ఎక్కడ చేయించుకుంటున్నావో చెప్పు ముందు" అన్నాను. ఊరికే అనలేదు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి అంతకు ఆర్నెల్ల కిందట పండగ ఆఫర్లో ఒక బ్యూటీ పార్లర్లో కాళ్లకు చేయించుకుంది. వారం తిరక్కుండానే పిక్కల మీద అగ్గిపెట్టె సైజు పట్టీలు పట్టీలుగా కాలిన గుర్తులు లేచాయి. యంత్రం కొస ఆనించిన చోటల్లా ఒక దీర్ఘచతురస్రం. తర్వాత అవి మాడిన రొట్టె రంగుకు తిరిగాయి. ఏడాది పాటు చీర కుచ్చెళ్లు కిందికి దించుకునే తిరిగింది పాపం. యంత్రం పాడైపోయిందా అంటే లేదు. తెల్లటి చర్మానికి పెట్టాల్సిన మోతాదు చామనఛాయ కాళ్ల మీద పెట్టారు, అంతే.

సంగతి అర్థం కావాలంటే తిరునాళ్లలో అమ్మే బుడగలో బుడగ గుర్తు తెచ్చుకోండి. బయటిది రంగు లేకుండా, లోపలిది కనిపించేలా ఉంటుంది, లోపలిది రంగుది. లోపలి బుడగ నల్లదైతే, బయటి బుడగ మీద లేజర్ కిరణం పడేసినప్పుడు లోపలిది ఠప్పున పేలుతుంది, బయటిది చెక్కుచెదరదు. విజ్ఞాన ప్రదర్శనల్లో పిల్లలు ఈ ప్రయోగం చూసి నోరెళ్లబెడతారు. వెలుగు బయటి బుడగ గుండా వెళ్లింది కానీ, మింగడానికి అక్కడ రంగు లేదు. లోపల నలుపు దొరికింది, వేడెక్కింది, పేలింది. భూతద్దంతో పాత పేపరు కాల్చిన వాళ్లందరికీ ఇది అనుభవమే: తెల్ల కాగితం మీద కంటే నల్ల హెడ్డింగు అక్షరం మీద పొగ ముందు లేస్తుంది.

ఇప్పుడు బయటి బుడగ కూడా గోధుమరంగుదైతే? మన కథంతా అక్కడే మొదలవుతుంది. అంతకంటే ముందు లేజర్ పుట్టుక సంగతి.

తొలి లేజర్‌లో వెలుగు పుట్టింది కెంపులోంచి. 1960 మే 16న కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనాలయంలో థియోడర్ మైమన్ అనే భౌతిక శాస్త్రవేత్త, ప్రయోగశాలలో తయారైన కెంపు కడ్డీ ఒకటి తీసుకుని, దాని చుట్టూ ఫొటోల ఫ్లాష్ దీపాన్ని స్ప్రింగులా చుట్టాడు. కడ్డీ బొటనవేలి కణుపంత ఉంటుంది, రెండు కొసలకూ వెండిపూత. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా కెంపులోని క్రోమియం పరమాణువులు ఆ శక్తిని తాగి ఉబ్బితబ్బిబ్బవుతాయి. అలాంటి పరమాణువు పక్కనుంచి సరైన రంగు కాంతి కణం ఒకటి పోతే, పరమాణువు కూడా అచ్చం అలాంటి కణాన్నే వదులుతుందని ఐన్‌స్టీన్ 1917లోనే చెప్పాడు. చెరువు గట్టున ఒక కొంగ లేస్తే గుంపంతా అదే దిక్కుకు లేచినట్టు. కొసల్లోని అద్దాల మధ్య ఆ గుంపు అటూ ఇటూ పరిగెడుతూ పెరిగి పెరిగి, చివరికి ఒకే రంగు, ఒకే దిక్కు, ఒకే అడుగుతో బయటికి దూసుకొస్తుంది. ఆ ఎరుపు తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు.

మూడేళ్లు తిరిగేసరికి, 1963లో, సిన్సినాటి నగరపు చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ ఈ కెంపు వెలుగును మనుషుల చర్మం మీద వేసి చూసిన ఫలితాలు ప్రచురించాడు. నల్లటి వెంట్రుకలకు, రంగున్న భాగాలకు దెబ్బ ఎక్కువ తగులుతోందని ఆయనకు అప్పుడే అర్థమైంది. పచ్చబొట్ల మీదా ప్రయోగించాడు. కానీ తర్వాతి ఇరవై ఏళ్లలో వచ్చిన చర్మపు లేజర్లు చాలామటుకు మొరటువి. మచ్చను కాల్చబోయి చుట్టుపక్కల చర్మాన్నీ కాల్చేవి. పుట్టుకతో ముఖాన ఎర్రటి మచ్చ ఉన్న పిల్లలకు మచ్చ పోయి దాని చోట కాలిన గుర్తు మిగిలేది.

1983లో బోస్టన్‌లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో రాసిన పరిశోధనా పత్రం ఈ చిక్కుముడి విప్పింది. వాళ్లు చెప్పినదాన్ని మన వంటింట్లో చూపించొచ్చు. కాగిన నూనెలో ఆవగింజ పడగానే చిటపటమంటుంది, తీసి గరిటెలో వేస్తే క్షణంలో చల్లారుతుంది. అదే నూనెలో వేసిన బంగాళదుంప ముక్క వేడెక్కడానికీ టైము పడుతుంది, పళ్లెంలో వేసిన ఐదు నిమిషాలకు కూడా లోపల నాలుక కాలుతుంది. వస్తువు రెండింతలైతే చల్లారే సమయం దాదాపు నాలుగింతలు. కాబట్టి లేజర్ వెలుగు ఎంతసేపు వెలగాలో నిర్ణయించేది, కాల్చదలచుకున్నది ఎంత పెద్దదో అన్న లెక్క. అది చల్లారేలోపే వెలుగు ఆగిపోవాలి. ఆగకపోతే వేడి పక్కకు పాకుతుంది, పక్కది కాలుతుంది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ రేణువుల పొట్లం ఒక్కోటి మైక్రాను లోపు ఉంటుంది, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అది సెకనులో పది లక్షలో వంతు లోపే చల్లారిపోతుంది. వెంట్రుక కుదురు దానికి రెండు మూడు వందల రెట్లు పెద్దది. చల్లారడానికి పదుల మిల్లీసెకన్లు కావాలి. ఈ రెంటి మధ్య తేడా ఆవగింజకూ గుమ్మడికాయకూ ఉన్నంత. పచ్చబొట్టు సిరా రేణువులూ ఆ పొట్లంలాగే సూక్ష్మమైనవి, అందుకే పచ్చబొట్టు తీసే లేజర్, వెంట్రుకలు తీసే లేజర్ ఒకటి కావు. 'మా దగ్గర ఒకే మిషన్‌తో అన్నీ చేస్తాం' అనే బోర్డు చూస్తే నేనైతే చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరుగుతాను.

అక్క కూతురిని తీసుకుని వెళ్లిన చోట డాక్టరమ్మ మొదట అడిగింది యంత్రం గురించీ కాదు, ప్యాకేజీ గురించీ కాదు. "థ్రెడింగ్ ఎప్పుడు చేయించుకున్నావమ్మా?"

"పది రోజులైందండీ."

"ఇంకో మూడు వారాలు ఆగి రా. ఈలోపు కావాలంటే షేవ్ చేసుకో, లాగించుకోవద్దు."

పిల్ల మొహం వేలాడేసింది. కారణం మాత్రం సబబే. దారంతో లాగితే వెంట్రుక కుదురుతో సహా వచ్చేస్తుంది. లేజర్‌కు లోపల నలుపు దొరకదు. నలుపు లేకపోతే వేడి లేదు. నిజానికి చంపాల్సింది వెంట్రుకను కాదు, దాని పక్కనే ఉండి మళ్లీ మళ్లీ మొలిపించే మూలకణాలను. వాటికి రంగే లేదు. అందుకని వెంట్రుకను వత్తిగా వాడుకుని, దాన్ని వేడెక్కించి, ఆ సెగతో పక్కనున్న మూలకణాలను మాడుస్తారు. షేవింగ్ అయితే పైది పోతుంది, లోపలి వత్తి అలాగే ఉంటుంది. పైన వెంట్రుక ఉంచుకుని వెళితే మాత్రం అది అక్కడే భగ్గుమని చర్మాన్ని కాలుస్తుంది.

ఇక బయటి బుడగ సంగతి. వెలుగు వెంట్రుక కుదురుకు చేరాలంటే రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు పోవాలి, అంతకంటే ముందు మెలనిన్ నిండిన పైపొరను దాటాలి. కిరణానికి చుట్టరికాలు తెలియవు, ఇది వెంట్రుక నలుపు, ఇది చర్మపు నలుపు అని తేడా చూడదు. కెంపు లేజర్ 694 వెలుగును మన పైపొరలోని మెలనినే చాలావరకు తాగేస్తుంది. తెల్లవాళ్ల మీద బాగా పనిచేసే అలెగ్జాండ్రైట్ లేజర్ 755 దగ్గర ఉంటుంది, మనకు అదీ కాస్త దగ్గరే. డయోడ్ లేజర్లు 810 చుట్టుపక్కల. యాగ్ అనే స్ఫటికంతో చేసిన లేజర్ 1064 నానోమీటర్లు. అది కంటికి కనపడదు, మెలనిన్ దాన్ని బాగా తక్కువగా మింగుతుంది, చాలా లోతుకు పోతుంది. పైపొరను పెద్దగా పట్టించుకోకుండా కిందికి దిగుతుంది కాబట్టి ముదురు రంగు చర్మానికి అదే క్షేమం. దాని లోపం కూడా అదే: వెంట్రుకలోని మెలనిన్ కూడా తక్కువగానే మింగుతుంది, అందుకే శక్తి ఎక్కువ పెట్టాలి, నొప్పి ఎక్కువ. సన్నటి నూగుకు అంతగా పనిచేయదు.

రెండో ఉపాయం సమయం. పైపొర పలచన, కొన్ని మిల్లీసెకన్లలోనే చల్లారగలదు. కుదురు లావు, వేడిని పట్టుకుని ఉంటుంది. వెలుగును ఒక్కసారిగా కొట్టకుండా ముప్పై మిల్లీసెకన్లకో ఇంకా ఎక్కువకో సాగదీస్తే, పైపొర వేడిని తీసుకుంటూనే వదిలేస్తూ ఉంటుంది. మూడోది చల్లదనం. యంత్రం కొసన మంచులా ఉండే నీలమణి పలకో, చల్లటి గాలి గొట్టమో ఉంటుంది. నీలమణి అంటే నగల దుకాణంలోని నీలం రాయి కాదు, గాజులా పారదర్శకంగా ప్రయోగశాలలో పెంచినది. విచిత్రం ఏమిటంటే కెంపు, నీలమణి ఒకే తల్లి పిల్లలు. రెండూ అల్యూమినియం ఆక్సైడే. తొలి లేజర్‌లో ఒకటి కాల్చింది, ఇప్పటి లేజర్‌లో రెండోది చల్లారుస్తోంది.

మూడు వారాల తర్వాత చెవి వెనక ఒక చుక్క, దవడ కింద ఒక చుక్క వేసి చూశారు. పరీక్ష చుక్క. అది చూసి పంపేశారు, రెండు రోజులాగి రమ్మన్నారు. అప్పటికి పిల్లకు సహనం నశించింది. కానీ నా పక్క సీటు అమ్మాయికి ఎవరూ ఆ చుక్క వేయలేదు.

అసలు రోజున గదిలో నన్ను కూడా కూర్చోనిచ్చారు, ముదురు అద్దాల గాగుల్స్ ఇచ్చి. ఆ అద్దాలు ఏవంటే అవి పనికిరావు. ఏ తరంగదైర్ఘ్యానికి చేసినవో వాటి మీదే రాసి ఉంటుంది. 1064 వెలుగు కంటికి కనపడదు కానీ రెటీనా దాకా శుభ్రంగా పోతుంది, కనపడదు కాబట్టి రెప్ప కూడా పడదు. చల్లటి జెల్ రాశారు. టిక్, టిక్ అని శబ్దం. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుందని పిల్ల తర్వాత చెప్పింది. గది నిండా కాలిన వెంట్రుక వాసన, పొయ్యి మీదికి వంగినప్పుడు ముంగురులు కమిలితే వస్తుందే, అది. పది నిమిషాల్లో అయిపోయింది. ప్రతి వెంట్రుక మొదట్లో చిన్న వాపు. గుబురుగా కాదు, ఒక్కో కుదురూ విడివిడిగా ఉబ్బింది. అలా ఉబ్బడమే సరైన గుర్తు అన్నారు డాక్టరమ్మ.

ఒక్కసారితో పోదు. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని నిద్రపోతుంటాయి. పెరుగుతున్నవాటికే కుదురులో నలుపు నిండుగా ఉంటుంది. నిద్రలో ఉన్నవి తప్పించుకుని, నెల తర్వాత లేస్తాయి. అందుకే నాలుగైదు వారాల ఎడంతో ఆరో ఎనిమిదో సార్లు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రాలకు 'శాశ్వతంగా తగ్గించడం' అనే మాటకే అనుమతి ఇచ్చింది, 'శాశ్వతంగా తీసేయడం' అనే మాటకు కాదు. హార్మోన్ల తేడా ఉన్నవాళ్లకైతే కొత్త కుదుర్లు మేల్కొంటూనే ఉంటాయి. ఇంకో మెలిక: గడ్డం, దవడల దగ్గర కొందరికి లేజర్ తర్వాత వెంట్రుకలు పెరుగుతాయి కూడా. ముదురు రంగు చర్మం, హార్మోన్ల సమస్య ఉన్న ఆడవాళ్లలో ఇది ఎక్కువగా నమోదైంది. కుదురును చంపేంత వేడి కాకుండా, నిద్ర లేపేంత వేడి మాత్రమే తగిలిందేమోనని ఒక అనుమానం. భయపడి మోతాదు మరీ తగ్గించినా చిక్కేనన్నమాట.

ఇంట్లో వాడుకోవడానికి ఆన్‌లైన్లో అమ్మేవాటిలో ఎక్కువ భాగం లేజర్లు కానే కావు. అవి ఐపీఎల్, అంటే ఫిల్టరు తగిలించిన ఫ్లాష్ దీపాలు. ఒక రంగు కాదు, చాలా రంగుల వెలుగు ఒకేసారి. మంచి కంపెనీల పరికరాల్లో చర్మం రంగు కొలిచే కన్ను ఒకటి ఉండి, ముదురుగా ఉంటే వెలగనని మొరాయిస్తుంది. అది పాడైందని వెనక్కి పంపేవాళ్లుంటారు. అది చేసే మంచిపనే అది.

చర్మం రంగుల కొలబద్దది కూడా ఒక కథ. ఒకటి నుంచి ఆరు దాకా రకాలు చెప్పే ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేలు పుట్టింది 1975లో. సోరియాసిస్ రోగులకు అతినీలలోహిత కిరణాల మోతాదు నిర్ణయించడానికి థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ వైద్యుడు తయారుచేశాడు. ఎండలో కమిలేవాళ్లెవరు, నల్లబడేవాళ్లెవరు అన్నది దాని ప్రశ్న. గోధుమరంగు, నల్లరంగు చర్మాలకు ఐదు, ఆరు అంకెలు ఆ తర్వాత కలిపారు. మనలో ఎక్కువమంది నాలుగుకూ ఐదుకూ మధ్య ఎక్కడో ఉంటాం. తమాషా ఏమిటంటే, రంగు తయారుచేసే కణాల సంఖ్య తెల్లవాళ్లలోనూ మనలోనూ దాదాపు ఒకటే. మనవి పనిమంతులు, అంతే. రేణువులు పెద్దవి, ఎక్కువ.

ఆ పనితనమే మన కొంప ముంచుతుంది. తాలింపులో ఆవగింజ చిట్లి చేతి మీద పడితే మంట సాయంత్రానికి పోతుంది, చుక్క మాత్రం నెలల తరబడి నల్లగా ఉండిపోతుంది. చిన్న గాయానికే మన రంగు కణాలు కంగారుపడి మెలనిన్ కుమ్మరిస్తాయి. కొంత జారి కింది పొరలో పడుతుంది, అక్కడినుంచి పోవడానికి ఏడాదైనా పట్టొచ్చు. మొటిమ మానినచోట మచ్చ మిగలడం ఇందుకే. ఎక్కువైన లేజర్ ఒక్కసారిగా వెయ్యి ఆవగింజలు చిట్లినట్టు. ఎండలో తిరిగొచ్చి నల్లబడి ఉన్నప్పుడు లేజర్ వద్దనేది ఇందుకే. వేసవిలో తిరుపతి కాలినడకన వెళ్లొచ్చిన వారమే అపాయింట్‌మెంటు పెట్టుకోకూడదు.

పచ్చబొట్టు దగ్గరికి మళ్లీ వస్తాను. ఇప్పుడు దాన్ని తీయించుకోవడానికి పోయేవాళ్లలో రెండు రకాలు: విడిపోయిన ప్రేమికుల పేర్లున్నవాళ్లు, సైన్యంలోనో పోలీసులోనో చేరబోతున్న కుర్రాళ్లు. బొట్టు చెరగకపోవడానికి కారణం సూది ఒక్కటే కాదు. చర్మంలోని కాపలా కణాలు సిరా రేణువును శత్రువనుకుని మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. అవి చచ్చిపోతే సిరా బయటపడుతుంది, పక్కనున్న కొత్త కణం మళ్లీ దాన్నే మింగుతుంది. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇది చూపించారు. అంటే అమ్మమ్మ తేలు డెబ్బై ఏళ్లు ఒక తరం కణాల చేతిలోంచి ఇంకో తరానికి వారసత్వంగా చేతులు మారిందన్నమాట.

దీనికి కావాల్సింది నానోసెకన్ల లేజర్. నానోసెకనులో వెలుగు నడిచే దూరం దాదాపు ఒక అడుగు, బడిపిల్లల స్కేలంత. అంత కాసేపట్లో శక్తినంతా గుమ్మరిస్తే సిరా రేణువు కరగదు, పగిలిపోతుంది. పటపటమని పేలాలు వేగిన చప్పుడు. బొట్టు మీద తెల్లటి మంచులాంటిది పేరుకుని కాసేపట్లో మాయమవుతుంది, అవి గ్యాసు బుడగలు. పగిలిన ముక్కలను శోషరస నాళాలు మెల్లగా మోసుకుపోతాయి. అందుకే సిటింగుకూ సిటింగుకూ మధ్య ఆరేడు వారాలు ఆగమంటారు. లేజర్ పని నిమిషాల్లో అయిపోతుంది, చెత్త ఎత్తే పని ఒళ్లు చేసుకోవాలి. ఈమధ్య వచ్చిన పికోసెకను లేజర్లు ఇంకా పొట్టివి, ముక్కలు ఇంకా చిన్నవి.

ఎరుకల పెద్దావిడ మసికైతే ఈ లేజర్ ముందు పెద్దగా బలం లేదు. బొగ్గు నలుపు అన్ని రంగుల వెలుగునూ మింగుతుంది కాబట్టి చర్మానికి క్షేమమైన 1064తోనే పనవుతుంది. పైగా చేతిపొడుపులో సిరా తక్కువ. ఇప్పటి పిల్లల రంగురంగుల టాటూలదే తంటా. ఎర్రసిరా ఎర్ర వెలుగును తిప్పికొడుతుంది. దాన్ని పగలగొట్టాలంటే ఆకుపచ్చ వెలుగు, 532 నానోమీటర్లు కావాలి. ఆ వెలుగును మన మెలనిన్ ఆబగా తాగేస్తుంది. ఆకుపచ్చ సిరాకు ఎర్ర లేజర్ కావాలి, అంటే మళ్లీ కెంపో అలెగ్జాండ్రైటో. తెలుపు, చర్మపురంగు సిరాల్లో ఉండే టైటానియం, ఇనుము సమ్మేళనాలు లేజర్ తగలగానే నల్లగా మారిపోవడమూ ఉంది. చామనఛాయ చేతి మీద రామచిలక వేయించుకునేవాళ్లు దాన్ని చివరిదాకా భరించగలమని రూఢి చేసుకోవడం మేలు.

ఇదే నానోసెకను లేజర్ నిజంగా అద్భుతం చేసేది ఇంకో చోట. కంటి చుట్టూ, చెంప మీద పుట్టుకతోనో వయసొచ్చాకో వచ్చే నీలిబూడిద రంగు మచ్చ ఒకటుంది. జపాన్ వైద్యుడు ఓటా 1939లో వర్ణించాడు, ఆయన పేరే దానికి. రంగు కణాలు ఉండాల్సిన పైపొరలో కాక కింది పొరలో చిక్కుకుపోవడం వల్ల అది నీలంగా ఉంటుంది, పచ్చబొట్టు లెక్కే. ఆసియా వాళ్లలో ఎక్కువ. పౌడరు దట్టించినా దాగదు. కొన్ని సిటింగుల్లో చాలామందికి అది వెలిసిపోతుంది, తిరిగి రావడం అరుదు. లేజర్ ప్రకటనల్లో దీని గురించి ఒక్క మాట ఉండదు, ఎందుకో మరి.

ప్రకటనల నిండా ఉండేది మంగు. అసలు లేజర్ తడబడేదే అక్కడ. మంగు మచ్చలు గర్భిణిగా ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రల వల్ల, ఎండవల్ల, వేడివల్ల వస్తాయి. అక్కడ తప్పు మెలనిన్‌ది కాదు, దాన్ని ఆపకుండా తయారుచేస్తున్న కణాలది. లేజర్‌తో ఉన్న మెలనిన్ పగలగొట్టడం చూరు కారుతుంటే నేల తుడవడం. తుడిచినంతసేపు బాగుంటుంది. పైగా ఆ వేడి వల్లే కణాలు రెచ్చిపోయి మచ్చ ముందుకంటే నల్లబడొచ్చు. తక్కువ శక్తితో వారం వారం చేసే 'లేజర్ టోనింగ్' మరీ ఎక్కువైతే రంగు కణాలు అలసిపోయి, మంగు మధ్యలో తెల్లతెల్లటి చుక్కలు పడతాయి, అవి మంగు కంటే మొండివి. ఎండ తగలకుండా చూసుకోవడం, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్, డాక్టరు రాసిచ్చిన పూతమందు, వీటి తర్వాతే లేజర్ మాట. లేతరంగుది ఎందుకంటే, మన చర్మం అతినీలలోహితానికే కాదు, మామూలు వెలుగుకు కూడా నల్లబడుతుంది. తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కున్న స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసుకుని చర్మం పలచబడిన మొహం మీద లేజర్ పెట్టడం గురించి డాక్టరమ్మ ఒక్క మాటే అన్నారు: "చేయను."

'తెల్లబరిచే లేజర్' గురించి అడిగితే నవ్వారు. పుట్టుకతో వచ్చిన రంగును శాశ్వతంగా మార్చే లేజర్ లేదు. పెళ్లికి ముందు బొగ్గుపొడి పూసి చేసే కార్బన్ ఫేషియల్ మెరుపు కూడా నాలుగు రోజుల ముచ్చటే.

మొటిమల గుంటలది మరో దారి. అక్కడ రంగుతో పని లేదు, నీటితో పని. 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి. కుమార్ పటేల్. దాని వెలుగు 10,600 నానోమీటర్లు. నీరు దాన్ని గుటుక్కున మింగుతుంది. చర్మంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి తగిలిన పలుచటి పొర ఆవిరైపోతుంది. మొదట్లో ముఖమంతా ఒలిచినట్టు చేసేవారు. వారాల తరబడి పచ్చిపుండు, మన రంగువాళ్లకు ఆపైన నల్లబడటం. 2004లో ఆండర్సన్ బృందమే ఒక తెలివైన మార్గం చూపింది. ముఖమంతా కాకుండా, ముగ్గు చుక్కల్లా సన్నటి చోట్ల మాత్రం కాల్చి, చుక్కకూ చుక్కకూ మధ్య చర్మాన్ని వదిలేయడం. వదిలేసిన చోటు నుంచి కొత్త చర్మం అల్లుకొస్తుంది, లోపల కొత్త కొలాజెన్ పుడుతుంది. మనకు చుక్కల ముగ్గు పలచగా వేయాలి, సిటింగులు పెంచాలి. గుంటలు పూర్తిగా పూడవు, మెత్తబడతాయి.

పుట్టుమచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా, రక్తం కారుతున్నా లేజర్ జోలికి పోకూడదు. ముందు కోసి పరీక్షకు పంపాలి. ఆవిరైపోయినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టలేం.

ఐదో సిటింగుకు మా అక్క కూడా వచ్చింది. కూతురి దవడ నున్నబడటం చూసి మెత్తబడింది. పిల్లకైనా ఇంకా నాలుగైదు వెంట్రుకలు మిగిలాయనుకోండి. బయటికొస్తూ అక్క తన గడ్డం ఎత్తి చూపించింది. "డాక్టరుగారూ, ఎలాగూ వచ్చాను కదా, నాకూ ఈ రెండూ తీసేయండి. ఏళ్ల తరబడి లాగుతున్నా."

డాక్టరమ్మ లెన్సు పెట్టి చూసి నవ్వారు. రెండూ తెల్లబడిపోయాయి. లేజర్‌కు అవి కనపడవు.

"రంగేసుకొస్తే?" అంది అక్క, సీరియస్‌గానే.

"లోపలి కుదురు దాకా రంగు దిగదండీ."

అక్క ఇంకేం మాట్లాడలేదు. వచ్చేదారిలో వీధి మలుపున పార్లరు దగ్గర ఆటో ఆపించి, దారంతో రెండు లాగుల్లో తీయించుకుని, చెంగుతో గడ్డం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.